హారూన్ పైల్వాన్ రెండో కుస్తీ

నేను పుట్టుపిరికిని. చిన్నప్పుడు పొద్దుగూకాక పెరట్లోకి పోవాలన్నా మా ముత్యవ్వక్క తోడు రావాల్సిందే. అలాంటివాణ్ణి సౌదీకి తెచ్చి, బురైదాలో పికప్ బండి చేతికిచ్చి, నితాఖత్ ఏడాది చూపించాడు దేవుడు. ఆ ఏడాది ఖర్జూరం కోతలప్పుడు పట్టుకున్న భయం గడువు ముగిసేదాకా నా ఒంట్లోంచి దిగలేదు.

సౌదీ సర్కారు కొత్తగా తెచ్చిన నితాఖత్ లెక్కలన్నీ మాలో ఎవరికీ పూర్తిగా అర్థం కాలేదు. అర్థమైంది ఒక్కటే. ఎవరి వీసా మీద వచ్చామో ఆ కఫీల్ దగ్గరే పని చేయాలి. వేరేచోట చేస్తుంటే కఫీల్ సంతకం పెట్టించుకుని అక్కడికి కాగితాలు మార్చుకోవాలి. హిజ్రీ సంవత్సరం ఆఖరుదాకా గడువు. ఆ తర్వాత దొరికినవాణ్ణి దొరికినట్టు జైల్లో వేస్తారు, వేలిముద్రలు తీసుకుని ఇంటికి తోలేస్తారు. ఖర్జూరం మార్కెట్‌కి పోతే చాలు, రోజూ ఒక కబురు. ఫలానా గదిలో పోలీసులు పడ్డారట, పొయ్యి మీద కూర పొయ్యి మీదే ఉందట. గడువు లోపలే ఇలా ఉంటే గడువు దాటాక ఎలా ఉంటుందోనని నాకు తిన్నది ఒంటికి పట్టేది కాదు.

నా అకామాకు, అంటే ఇక్కడ ఉండటానికిచ్చిన కార్డుకు, ఏ దోషమూ లేదు. కఫీల్ అబూ తుర్కీ ఖర్జూరపు తోటలోనే నేను బండి నడిపేవాణ్ణి. భయమంతా మా బావ గురించి. బావ పేరు నర్సింలు, మా ముత్యవ్వక్క మొగుడు. అతనూ అబూ తుర్కీ వీసా మీదే వచ్చాడు. కానీ తోటలో పని చాలక, బయట ఏదైనా చూసుకోమని ఆయనే చెప్పడంతో ఊళ్లో ఒక మెయింటెనెన్స్ కంపెనీలో పైపుల పనికి కుదిరాడు. ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నారు.

కంపెనీలో సూపర్‌వైజర్ ప్రేమానందం గారిది కాకినాడ వైపు. ఒకరోజు మా ఇద్దర్నీ పిలిచి గొంతు తగ్గించి చెప్పాడు.

"చూడు నర్సింలూ, మా మేనేజరుతో మాట్లాడానయ్యా. నిన్ను కంపెనీ మీదకి రాయించుకుంటామన్నారు. కాకపోతే మీ కఫీల్ నిన్ను వదులుతున్నట్టు సంతకం పెట్టాలి. ఆ కాగితం గడువులోపు తెచ్చావా, నువ్వు మావాడివి. తేలేదనుకో, ఆ మర్నాడు గేటు దగ్గర నిన్ను చూసినా నేను గుర్తుపట్టను. గుర్తుపడితే నన్నూ పట్టుకుపోతారు."

"తెస్త సార్," అన్నాడు బావ.

"బతిమాలుకో. కాళ్లు పట్టుకో. ఏదోటి చెయ్యి."

"మా బావ కాళ్లు పట్టుకుంటె మనిషి కిందవడ్తడు సార్," అన్నాను నేను. భయమేసినప్పుడు నాకు నోరు ఊరుకోదు.

ప్రేమానందం గారు నవ్వి బావ చెవులవైపు చూశాడు. బావ చెవులు రెండూ నలిగి ముద్దకట్టి ఉంటాయి. మా బోధన్, బాన్సువాడ వైపు జాతర్లలో కుస్తీలు పట్టినవాళ్ల చెవులన్నీ అంతే. గెలిస్తే కొబ్బరికాయ ఇచ్చే చిన్న కుస్తీతో మొదలుపెట్టి, ఆఖరి కుస్తీ గెలిచి వెండి కడెం తొడిగించుకున్న పైల్వాన్ మా బావ. ఆ కడెం ఇప్పటికీ మా అక్క దేవుడి గూట్లో పెట్టుకుంది. అయితే ఒక జాతరలో తలకిందులుగా పడ్డప్పుడు మెడ పోయింది. మంచంలోంచి లేవడానికి చాలాకాలం పట్టింది. ఇంకోసారి అలా పడితే లేవడని డాక్టర్ చెప్పాడు. ఆ రోజుతో కుస్తీ మానేశాడు. ఫోన్లో చూడటం మాత్రం మానలేదు.

మేం సంతకం అడగడానికి వెళ్లినప్పుడు అబూ తుర్కీ కూడా ఫోనే చూస్తున్నాడు. తోట చివర ఆయనకో విడిది ఉంది. ఇసుక మీద తివాచీలు పరిచి, దిండ్లు వేసి, సాయంత్రాలు అతిథులతో అక్కడ కూర్చుంటాడు. మనిషి భారీగా ఉంటాడు, ఊరికే నవ్వుతాడు. ఆయన నవ్వినప్పుడల్లా నాకు మరింత భయం.

నేను అరబ్బీలో సంగతి చెబుతుండగానే ఆయన చూపు బావ చెవుల మీద పడి ఆగిపోయింది. ఇన్నేళ్లలో ఆ చెవుల్ని ఆయన చూడటం అదే మొదటిసారి.

"నువ్వు పైల్వాన్‌వా?" అన్నాడు. బావ సిగ్గుపడుతూ తలూపాడు.

ఆయన ఫోన్ మావైపు తిప్పాడు. తెర మీద ఎర్ర బనీను వేసుకున్న మనిషి ఇంకో మనిషిని భుజం మీంచి ఎత్తి పడేస్తున్నాడు.

"ఇతనెవరో తెలుసా?"

"హారూన్ గిరేయెవ్," అన్నాడు బావ ఆలోచించకుండా. "రష్యా. దాగెస్తాన్."

నేను బావ వీపు గిల్లాను. లాభం లేకపోయింది. పైల్వాన్‌కు కుస్తీ మాట వినపడితే ఇంకేమీ వినపడదు. హారూన్ కొండల్లో గొర్రెలు కాసేవాడి కొడుకని, గొర్రెల దొడ్లో గడ్డి పరుచుకుని కుస్తీ నేర్చాడని, పేరు కూడా ఎవరికీ తెలియని వయసులో పెద్ద పైల్వాన్‌ను చిత్ చేశాడని, మూడుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయ్యాడని, మూడోసారి భుజం జారిపోతే ఒంటిచేత్తో గెలిచాడని బావ వచ్చీరాని అరబ్బీలో ఏకరువు పెట్టాడు. ఆయన విమానం దిగితే గుర్రాల మీద వచ్చి ఊరేగించారట. అక్కడ పుట్టిన మగపిల్లల్లో సగం మందికి హారూన్ అనే పేరట. అబూ తుర్కీ కళ్లు మెరిశాయి.

"ఆ హారూన్ వచ్చే శుక్రవారం ఈ తివాచీ మీద కూర్చుంటాడు," అన్నాడు. ఖర్జూరం కొనే రష్యా వర్తకుడొకడు ఆయన్ని వెంట తెస్తున్నాడట. ఇక్కడ కొన్నాళ్లుండి, మక్కా వెళ్లి, తిరుగుప్రయాణంలో మళ్లీ ఇటే వస్తారట. "నువ్వు నా అతిథుల ముందు అతనితో కుస్తీ పట్టు. మర్నాడు పొద్దున సంతకం పెడతాను. ఇదే నా మాట."

నాకు పైప్రాణాలు పైనే పోయాయి. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. బావ మాత్రం అప్పుడే సరేనన్నాడు.

ఆ రాత్రి నేనే అక్కకు ఫోన్ చేశాను. సంగతంతా వింది. పొయ్యి దగ్గర కుక్కర్ కూత నాకు వినపడుతూనే ఉంది.

"వద్దంటె సంతకం వెట్టడా?" అంది.

"పెట్టడక్కా. పారిపోయిండని కఫీల్ రాసిస్తె జైలే."

"తమ్మీ, మంచంల మూత్రం బట్టింది నేను. నాకెర్కనే ఆ మెడ సంగతి. జర సేపు ఆడి మెల్లగ వీపు ఆనించి పడుమను. తల మీద పడొద్దు. ఇజ్జత్ పోతె పోనియ్యి. మీ బావకియ్యి ఫోను."

బావ ఫోన్ తీసుకుని ఊఁ, ఊఁ అంటూ విన్నాడు. కడెం గెలిచినవాడు కావాలని పడటం వాళ్లు కుస్తీ నేర్చే తాలీంలో మహాపాపం. దాన్ని నూరా కుస్తీ అంటారు, అలాంటివాణ్ణి ఉస్తాద్ మళ్లీ గడప తొక్కనివ్వడు. బావ గోడవైపు తిరిగి, "పడ్త తియ్," అన్నాడు. ఆ మాట అనడానికి అతనికెంత కష్టమైందో చూసి నాకు ఏడుపొచ్చింది.

శుక్రవారం సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక అతిథులు రావడం మొదలైంది. నేను విడిది వెనక కొళాయి దగ్గర ఫ్లాస్కులు కడుగుతున్నాను. బావ పక్కనే గోడకానుకుని కూర్చున్నాడు. అంతలో ఒక మనిషి నీళ్ల కోసం వచ్చాడు. హారూనే, కానీ వీడియోల్లో కనిపించినంత ఎత్తు లేడు. గడ్డం అక్కడక్కడా నెరిసింది. చెవులు మాత్రం బావవే.

ఆయన బావ చెవి చూసి, తన చెవి ముట్టుకుని నవ్వాడు. మసీదులో నేర్చుకున్న అరబ్బీ ఆయనది, మాది బండి మీద, పైపుల కింద నేర్చిన అరబ్బీ. అయినా మాట కలిసింది.

"మెడ ఎలా ఉంది?" అన్నాడు. ఎవరూ చెప్పకుండానే.

"బాగాలేదు," అన్నాడు బావ.

"నాదీ అంతే." ఆయన పక్కనే కూర్చున్నాడు. "నువ్వేం గెలిచావు?"

"వెండి కడెం. ఇంట్లో నా భార్య దగ్గర ఉంది."

"అదృష్టవంతుడివి. నా పతకాలు మ్యూజియంలో ఉన్నాయి. మా అబ్బాయి టికెట్ కొనుక్కుని చూసొచ్చాడు." కొళాయి నీళ్లు దోసిట పట్టి తాగి మళ్లీ అన్నాడు. "ఏ పెద్దమనిషి వచ్చినా నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంటారు. ఫొటో తీసుకుంటారు. రానని అనడానికి వీల్లేదు. భయపడకు, నెమ్మదిగా ఆడదాం."

బావ నావైపు తిరిగి తెలుగులో అడిగాడు. "నేను పడ్తనని జెప్పాల్నారా?"

"ఏం జెప్పకు," అన్నాను. చెబితే ఆ మాట అబూ తుర్కీ దాకా పోతుందని నా భయం.

తివాచీ మీదికి అడుగుపెట్టే ముందు బావ పక్కనున్న ఇసుక గుప్పెడు తీసి కళ్లకద్దుకున్నాడు, కొంత తన ఛాతీకి రాసుకున్నాడు, కొంత హారూన్ భుజాల మీద చల్లాడు. మా దగ్గర మన్ను చల్లనిదే కుస్తీ మొదలవదు. హారూన్ అడ్డు చెప్పలేదు. తనూ ఇంత ఇసుక తీసి బావ భుజాల మీద చల్లాడు. అతిథులంతా ఫోన్లు పైకెత్తారు.

పట్టుకున్నారు, విడిపించుకున్నారు, మళ్లీ పట్టుకున్నారు. ఎప్పుడు విసురుతాడా, ఎప్పుడు పడదామా అని బావ చూస్తున్నాడు. ఈ మెడ మనిషిని విసిరితే ఏమవుతుందోనని హారూన్ విసరడం లేదు. అతిథులకు విసుగు పుట్టింది. అబూ తుర్కీ దిండు మీద చరుస్తూ "ఊఁ! ఊఁ!" అంటున్నాడు. ఏదో ఒకటి చూపించాలని కాబోలు, హారూన్ తన కాలు బావ చేతికి అందించాడు. బావ కాలు పట్టి నెట్టగానే కావాలనే వెనక్కి ఒరిగాడు. తన వీపు మీదుగా దొర్లుతూ బావను మెత్తగా అవతలికి తిప్పేయడం ఆయన పట్టు. ఆ పట్టు నేను వీడియోల్లో చూశాను. వాళ్ల కుస్తీలో వీపు తగిలినంత మాత్రాన ఏమీ కాదు, రెండు భుజాలూ కదలకుండా అదిమితేనే చిత్.

మా కుస్తీ అలా కాదు. మా మన్ను మీద వీపు ముట్టిందంటే ఆట అయిపోయినట్టే. ముట్టినవాణ్ణి ఇంకో క్షణం పట్టుకున్నా ఉస్తాద్ చెంప పగులుతుంది. హారూన్ వీపు తివాచీకి తగలగానే బావ కాలు వదిలేశాడు. లేచి నిలబడి చేతులు జోడించి నాలుగు దిక్కులా దండం పెట్టాడు. అలవాటు. దండం పెట్టాక గానీ తనేం చేశాడో అతనికే తెలియలేదు.

హారూన్ వెల్లకిలా పడి ఉన్నాడు, చేతిలో ఎవరూ లేరు. మూడుసార్లు ప్రపంచ ఛాంపియన్‌ను పైపులు బిగించేవాడు పడేశాడు! ఇంటికొచ్చిన అతిథికి ఇంత అవమానమా అని అబూ తుర్కీ మా ఇద్దర్నీ అక్కడే నరికేస్తాడనుకున్నాను.

హారూన్ మెల్లగా లేచాడు. బావ ముఖం చూశాడు, జోడించిన చేతులు చూశాడు. ఆయనకు అర్థమైంది. అందరివైపూ తిరిగి, "మా కుస్తీలో ఇది ఓటమి కాదు. ఈయన మన్ను కుస్తీలో ఓటమే. నేను మన్ను చల్లించుకునే దిగాను," అన్నాడు. బావ చెయ్యి పట్టి పైకెత్తాడు.

అబూ తుర్కీ ఎగిరి గంతేశాడు. బావను వాటేసుకుని రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టుకున్నాడు. అప్పుడు నేనూ సంతోషపడ్డాను. భయం పోయిందనుకున్నాను.

మర్నాడు పొద్దున కాగితం తీసుకుని వెళ్లాం. అబూ తుర్కీ పెన్ను జేబులోంచి తీశాడు కూడా. కాగితం చదివి, బావను పైనుంచి కిందిదాకా చూసి, పెన్ను మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"హారూన్‌ను పడేసినవాణ్ణి ఎవరికో ఇస్తానా?" అన్నాడు నవ్వుతూ. "రియాద్ నుంచి, జెద్దా నుంచి నాకు ఫోన్లు వస్తున్నాయి. నువ్వు నావాడివి. ఇక్కడే ఉంటావు. ఏసీ గది, పాలు, మాంసం. ప్రతి శుక్రవారం ఒక కుస్తీ."

"మాటిచ్చారు సార్," అన్నాను.

ఆయన నవ్వు ఆపి నావైపు చూశాడు. "బలవంతమేమీ లేదు. వెళ్తానంటే వెళ్లమను. పారిపోయాడని రాసిస్తాను." మళ్లీ నవ్వాడు.

కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఊరికే అనలేదు. ఓడిపోయి ఉంటే ఆ పెన్ను కాగితం మీద పడేది. బావ గదిలోకి వచ్చి మోకాళ్ల మధ్య తల పెట్టుకుని కూర్చున్నాడు. "నేను ఇడ్వకుంటె మంచిగుండు గదరా," అన్నాడు. "వీపు ముట్టినంక ఎట్ల పట్టుకోవాల్నో నాకు రానేరాదురా బామ్మర్దీ."

హారూన్ మక్కా ప్రయాణమైన రోజు విమానాశ్రయానికి దింపే పని నాకు పడింది. వర్తకుడు ముందే వెళ్లిపోయాడు, బండిలో మేమిద్దరమే. చెప్పాలా వద్దా? చెబితే ఆయన వెళ్లి అబూ తుర్కీతో అంటాడేమో. అంటే బావతో పాటు నేనూ జైలుకే. దారిలో పోలీసుల తనిఖీ దగ్గర బండి ఆపి నా అకామా చూశారు. అంతా సరిగ్గానే ఉన్నా, తిరిగిచ్చిన అకామాను నేను రెండుసార్లు కింద పడేశాను. అది చూసి హారూన్, "ఎందుకంత భయం?" అన్నాడు.

ఆ ఒక్క ప్రశ్నకు నా నోరు తెరుచుకుంది. సంతకం, గడువు, కంపెనీ, మెడ, డాక్టర్ మాట, బావ పడదామనుకున్న సంగతి, అంతా చెప్పేశాను. "మీరు మా బావ చెయ్యి పట్టి పైకెత్తకుండా ఉంటే అతను బతికిపోయేవాడు," అని కూడా అన్నాను. నా జన్మలో పెద్దమనిషి ముఖం మీద అలాంటి మాట అనడం అదే మొదలు.

హారూన్ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. విమానాశ్రయంలో సంచీ తీసుకుని వెనక్కి తిరగకుండా లోపలికి పోయాడు.

ఇక చూసుకోండి నా బతుకు. అబూ తుర్కీ ఫోన్ మోగితే చాలు, అదే కబురనుకునేవాణ్ణి. మరోవైపు శుక్రవారాలు. మొదట ఒక సూడాన్ గొర్రెల కాపరిని తెచ్చారు. తర్వాత పాకిస్తాన్‌లోని గుజ్రాన్‌వాలా లారీ డ్రైవర్. ఆ తర్వాత ఖమీస్ ముషైత్ నుంచి ఒక సిపాయి, దున్నపోతంత ఉన్నాడు. బావ గెలుస్తూనే ఉన్నాడు. గెలిచిన ప్రతిసారీ నేను గదిలో వేడినీళ్ల గుడ్డ మెడకు వేస్తుంటే పళ్లు బిగపట్టేవాడు. ఎడమచెయ్యి తిమ్మిరెక్కుతోందని ఒకరోజు చెప్పాడు. అక్కకు చెప్పొద్దన్నాడు.

"ఓడిపో బావా," అన్నాను.

"గా సిపాయి ఎత్తేస్తే నేను మెల్లగ పడ్తనారా? తల మీదనే పడ్త. గెల్సుడు తప్ప దారి లేదు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ప్రేమానందం గారు ఫోన్ చేసి, "గడువు దగ్గరికొచ్చేసిందయ్యా, ఏవైంది?" అని అడిగితే ఫోన్ పెట్టేశాను. మాకు తెలిసినవాళ్లు ఒక్కొక్కరే సామాన్లు కట్టి ఇళ్లకు పోతున్నారు.

గడువుకు కొద్దిరోజులుందనగా హారూన్ తిరిగొచ్చాడు. నేనే టీ పోస్తున్నాను. కుశలప్రశ్నలు కూడా అయ్యీ కాకముందే అబూ తుర్కీతో అన్నాడు.

"ఆ వీడియో మా ఊరిదాకా వచ్చింది. పొలం కూలివాడి చేతిలో హారూన్ పడ్డాడని నవ్వుతున్నారట. మా అబ్బాయిని బళ్లో ఏడిపించారు. ఈ పేరుతో నేను ఇంటికి పోలేను. అతన్ని మళ్లీ పిలువు."

ఆయన నావైపు చూడనైనా చూడలేదు. ఆ ముఖంలో కొళాయి దగ్గరి మనిషి లేడు. పేరున్నవాడికి పేరు ముందు, మిగతాదంతా ఆ తర్వాతేనని అనుకున్నాను. అన్నీ చెప్పి, మెడ సంగతి కూడా చెప్పి, బావను నేనే ఆయన చేతికి అప్పగించానని నన్ను నేనే తిట్టుకున్నాను.

ఆ సాయంత్రం విడిది నిండిపోయింది. అక్కకు ఫోన్ చేయడానికి నాకు ధైర్యం చాలలేదు. బావ ఇసుక తీసి కళ్లకద్దుకున్నాడు. హారూన్ భుజాల మీద చల్లబోతే ఆయన చెయ్యి తోసేశాడు. మన్ను లేని కుస్తీ. ఇది తమ కుస్తీ అని, వాళ్ల పద్ధతిలోనేనని అందరికీ వినపడేలా చెప్పాడు.

ఎక్కువసేపు పట్టలేదు. బావ మెడ చుట్టూ కుడిచెయ్యి వేసి దగ్గరికి లాక్కున్నాడు, నడుము కింద దూరాడు, ఎత్తాడు. బావ కాళ్లు గాల్లోకి లేవడం చూసి నేను కళ్లు మూసుకున్నాను. ఇద్దరూ కలిసి పడిన చప్పుడు తివాచీ కిందున్న నేలలోంచి నా కాళ్లకు తెలిసింది.

కళ్లు తెరిచేసరికి బావ వెల్లకిలా ఉన్నాడు, హారూన్ అతని మీద. లెక్కపెట్టేవాళ్లు లేకపోయినా చాలాసేపు అదిమి ఉంచాడు. లేచి, బావకు చెయ్యి అందించకుండా, కుడిచెయ్యి చొక్కా మడతలోకి పెట్టుకుని దిండ్లవైపు నడిచాడు. బావ లేవలేదు. ఆకాశంకేసి చూస్తున్నాడు. నేను పరుగెత్తి పక్కన కూలబడ్డాను.

"బావా! చేతులు కదుల్తున్నయా? బావా!"

"కదుల్తున్నయ్ తియ్," అన్నాడు చాలా మెల్లగా. "జర సేపు ఉండనియ్యిరా."

హారూన్ అబూ తుర్కీ పక్కన కూర్చుని ఎడమచేత్తో టీ అందుకున్నాడు. "ఇతను అయిపోయాడు," అన్నాడు గట్టిగా. "మెడ లేదు, బలం లేదు. మొదటిసారి నేను దయతలిచాను. ఇలాంటివాణ్ణి పెట్టుకుని అందర్నీ పిలిస్తే నవ్వుతారు." అతిథులు నిజంగానే నవ్వారు. అబూ తుర్కీ ముఖం నల్లబడింది. ఆ క్షణాన హారూన్‌ను చంపేయాలన్నంత కోపం వచ్చింది నాకు. పిరికివాడి కోపం కాబట్టి గ్లాసులు ఏరుకుంటూ ఊరుకున్నాను.

మర్నాడు పొద్దున మేం అడగకముందే అబూ తుర్కీ కాగితం తెమ్మని కబురు పంపాడు. సంతకం పెడుతున్నప్పుడు బావవైపు చూడలేదు. "గది ఖాళీ చెయ్యి," అన్నాడు, అంతే. నేను బావను ఎక్కించుకుని ఎక్కడా ఆపకుండా ప్రేమానందం గారి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన కాగితం చూసి, దేవునికి స్తోత్రం అంటూ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

హారూన్‌ను విమానాశ్రయానికి దింపే పని మళ్లీ నాకే పడింది. నేను పలకరించలేదు. బండి చాలా దూరం పోయాక ఆయనే అడిగాడు.

"లేచాడా?"

"లేచాడు."

"సంతకం?"

"పెట్టారు." అప్పుడే ఆయనవైపు చూశాను. కుడిచెయ్యి ఒడిలో ఉంది. ముంజేతిదాకా గుడ్డ చుట్టి ఉంది. గుడ్డ చివర వేళ్లు వాచి నల్లబడ్డాయి. రెండు వేళ్లు ఉండాల్సిన వైపు లేవు.

"ఆ చేతికేమైంది?" అన్నాను.

"నీ బావ తల బరువెక్కువ," అన్నాడు హారూన్, నవ్వాడు.

నేను బండి పక్కకు తీసి ఆపేశాను. ముందుకు నడపడం నా వల్ల కాలేదు. ఆయన తొందరపెట్టలేదు. ఊళ్లో అబ్బాయిని ఏడిపించారన్నది నిజమేనా అని అడిగాను. నిజమేనన్నాడు. ఇప్పుడు మళ్లీ హారూన్ గెలిచాడని చెప్పుకుంటారు, ఇక ఏడిపించరు అన్నాడు. దిగేటప్పుడు ఎడమచెయ్యి చాపాడు. నేను రెండు చేతులతో పట్టుకున్నాను.

తిరిగొచ్చి నేరుగా కంపెనీ బావకిచ్చిన గదికి పోయాను. బావ మెడకు తువ్వాలు చుట్టుకుని గోధుమపిండి కలుపుతున్నాడు.

"నీకెర్కనా?" అన్నాను.

"ఎర్కనే," అన్నాడు. "గాల్లె ఉన్నప్పుడే మెడ కింద అరచెయ్యి వెట్టిండు. తల నేలకు తాకలే, ఆయన చేతికి తాకింది. ఇరిగిన సప్పుడు నాకు ఇనవడ్డది. ఆయన నోట్లె నుంచి ఉఫ్ అని కూడ రాలే. జెప్తె నువ్వు అక్కడనే ఏడుస్తవని జెప్పలే."

అప్పుడు అక్కకు ఫోన్ కలిపాను.

"పడ్డడా?" అంది, ఇంకే మాటా లేకుండా.

"పడ్డడక్కా."

"లేశిండా?"

"లేశిండు. రొట్టెలు చేస్తుండు." మిగతాదంతా చెప్పాను. హారూన్ చెయ్యి విరిగిన సంగతీ చెప్పాను. అవతల అక్క ఏడుస్తోంది. ముక్కు చీదుకుని కొంచెం తేరుకున్నాక అడిగింది.

"ఏ చెయ్యి తమ్మీ?"

"కుడిది."

"గూట్ల కడెమున్నది," అంది అక్క. "అది ఆ చేతిదిరా. ఎట్ల పంపాల్నో అడుగు మీ బావను."

బావ పిండి చేతులతోనే ఫోన్ అందుకున్నాడు.